చీపురు, హెలికాప్టర్, గిటారు: క్రిస్ క్రిస్టాఫర్సన్ జీవన ప్రస్థానం

మన టౌన్‌షిప్‌లో ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడే దినాలలో ఒక విధమైన ఉద్విగ్నత ఆవరించి ఉంటుంది. ఎవరి పిల్లవాడికి ఎంత ర్యాంకు వచ్చిందన్న వార్త సాయంత్రం నడకకు బయలుదేరే వేళకు అన్ని క్వార్టర్లకూ చేరిపోతుంది. మంచి ర్యాంకు, మంచి కళాశాల, మంచి ఉద్యోగం. ఈ మూడు మెట్లూ ఎక్కితే బిడ్డ ఒడ్డున పడ్డట్టేనని మనమందరం విశ్వసిస్తాము. నేనూ అందుకు మినహాయింపు కాను.

ఆ మూడు మెట్లనూ అందరూ మెచ్చుకొనేటంత చక్కగా ఎక్కి, పైమెట్టు మీద నిలిచి, అక్కడి నుంచి తనంత తానుగా దిగివచ్చి ఒక రికార్డింగు స్టూడియోలో చీపురు పట్టిన వ్యక్తి కథ ఇది. ఆయన పేరు క్రిస్ క్రిస్టాఫర్సన్. అమెరికాలో 'కంట్రీ సంగీతం'గా పేరొందిన గ్రామీణ బాణీలో పాటలు రాసి, తానే వరుస కట్టి, తానే పాడిన వాగ్గేయకారుడు. అనేక చలనచిత్రాలలో నటించి మెప్పించిన నటుడు. 2024 సెప్టెంబరు 28న హవాయి దీవులలోని మావీలో, తన స్వగృహంలో, 88 సంవత్సరాల వయసులో ఆయన కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజున నాకు రెండు విషయాలు జ్ఞాపకం వచ్చాయి. ఒకటి ముప్పై ఏళ్ల నాటిది. రెండవది మా ఇంటిది.

సముద్రం నడుమ విన్న గొంతు

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నన్ను పడమటి సముద్రంలోని ఒక చమురు ప్లాట్‌ఫారం మీద నియమించారు. 14 రోజులు నీటి మీద, 14 రోజులు ఇంటి వద్ద. బొంబాయిలోని జుహూ నుంచి హెలికాప్టర్‌లో వెళ్లి హెలిడెక్ మీద దిగడం, మళ్లీ మా వంతు ముగిసిన నాడు లైఫ్ జాకెట్ తొడుక్కొని దాని కోసమే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం, ఇదే మా కాలచక్రం. రేడియో గదిలో పనిచేసే ఒక గోవా మిత్రుని వద్ద పాత టేప్ రికార్డరు ఒకటి ఉండేది. రాత్రి షిఫ్టులో అతడు తరచుగా వినే పాట ఒకటి ఉండేది. గరుకైన గొంతు, సంగీతం తక్కువ, మాట ఎక్కువ. ఎవరో ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టు ఉండేది.

"ఈ పాట రాసిన మనిషి మనలాంటి ప్లాట్‌ఫారం మీద కూర్చునే రాశాడు సార్" అన్నాడతడు ఒకనాడు.

కాలక్షేపానికి చెప్పిన మాట అనుకొని నవ్వి ఊరుకున్నాను. అది వాస్తవమేనని చాలా సంవత్సరాల తరువాత ఆయన జీవితం గురించి చదివినప్పుడు గాని నాకు తెలియలేదు.

వేసి ఉంచిన బాట

క్రిస్టాఫర్సన్ 1936 జూన్ 22న టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దును ఆనుకొని ఉన్న బ్రౌన్స్‌విల్ పట్టణంలో జన్మించారు. పితామహులు స్వీడన్ నుంచి వలస వచ్చినవారు. తండ్రి సైనిక విమానదళంలో అధికారి. మేజర్ జనరల్ స్థాయికి ఎదిగినవారు. బదిలీల ఉద్యోగం గల తండ్రి, క్రమశిక్షణ గల ఇల్లు. ఆ వాతావరణం ఎటువంటిదో మన కుటుంబాలకు వేరుగా వివరించనక్కరలేదు.

కుర్రవాడు చదువులోను, ఆటలలోను సమానంగా రాణించాడు. కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలలో సాహిత్యం అభ్యసించి 1958లో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. పిమ్మట ప్రపంచవ్యాప్తంగా మేటి విద్యార్థులకు మాత్రమే దక్కే రోడ్స్ స్కాలర్‌షిప్ పొంది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, మెర్టన్ కళాశాలలో చేరాడు. అక్కడ ఆంగ్ల సాహిత్యంలో పట్టా పొందాడు. బాక్సింగ్‌లో విశ్వవిద్యాలయం తరఫున పోటీలలో దిగాడు. విలియమ్ బ్లేక్ కవిత్వం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. భగవంతుడు ప్రసాదించిన ప్రతిభను వినియోగించకుండా పాతిపెట్టడం పాపమన్న భావన ఆ కవి నుంచే తనకు అబ్బిందని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు.

స్వదేశం చేరిన పిమ్మట 1961లో వివాహం, సైన్యంలో ఉద్యోగం. హెలికాప్టర్ పైలట్‌గా శిక్షణ పొంది పశ్చిమ జర్మనీలో పనిచేసి కెప్టెన్ హోదా అందుకున్నారు. 1965లో, అమెరికా సైనిక అకాడమీ అయిన వెస్ట్ పాయింట్‌లో ఆంగ్ల సాహిత్యం బోధించే పదవి ఆయనకు ఖరారయింది. తండ్రికి ఇష్టమైన సైన్యం, తనకు ఇష్టమైన సాహిత్యం, రెండూ ఒకేచోట కలిసిన ఉద్యోగం. ఇంతకన్న ఏ తల్లిదండ్రులు ఏమి కోరుకుంటారు?

ఆ సమయంలోనే సెలవు మీద రెండు వారాలు టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరానికి వెళ్లారు. తిరిగి వచ్చి సైన్యానికి రాజీనామా సమర్పించారు.

పాటల నగరంలో పారిశుద్ధ్య కార్మికుడు

కంట్రీ సంగీతం మన జానపద గేయాలకు దూరపు చుట్టం వంటిది. ఐరోపా నుంచి వలస వచ్చి అపలాచియన్ కొండ ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలు తమ వెంట తెచ్చుకున్న కథాగేయాలు, నల్లజాతి ప్రజల బ్లూస్ బాణీ, చర్చి కీర్తనలు కలగలిసి పుట్టిన ధార అది. గిటారు, ఫిడేలు, బాంజో దాని ప్రధాన వాద్యాలు. 1925లో ప్రారంభమైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే రేడియో కార్యక్రమం మూలంగా నాష్‌విల్ ఆ సంగీతానికి రాజధాని అయింది.

ఆ నగరంలో ఆక్స్‌ఫర్డ్ పట్టాకు విలువ లేదు. కొలంబియా రికార్డింగు స్టూడియోలో ఆయనకు దొరికినది పారిశుద్ధ్య కార్మికుని ఉద్యోగం. నేల ఊడ్వడం, బూడిద పాత్రలు ఖాళీ చేయడం, టేపులు చెరిపి పెట్టడం. 1966లో బాబ్ డిలన్ తన ప్రఖ్యాత ఆల్బమ్ 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' అక్కడ రికార్డు చేస్తున్నప్పుడు, ఆ గదిని శుభ్రం చేసినవారు క్రిస్టాఫర్సన్. ఉద్యోగానికి ముప్పు వస్తుందన్న భయంతో ఆ మహాగాయకుణ్ణి పలకరించడానికైనా సాహసించలేదు. తన పాటల టేపును మాత్రం గాయని జూన్ కార్టర్ చేతికిచ్చి, అగ్రశ్రేణి గాయకుడు జానీ క్యాష్‌కు అందజేయవలసిందిగా ప్రార్థించారు.

ఇంటివారు ఈ నిర్ణయాన్ని క్షమించలేదు. కుటుంబానికి తలవంపులు తెచ్చావంటూ తల్లి ఉత్తరం రాశారు. కుటుంబం ఆయనను వెలివేసినంత పని చేసింది. ఆ ఉత్తరం రాసిన తల్లిని నేను నిందించలేను. రోడ్స్ స్కాలర్ అయిన కొడుకు చీపురు పట్టాడని వింటే ఏ తల్లి మనసు కుదుటపడుతుంది?

గల్ఫ్ జలాల మీద

స్టూడియో జీతంతో సంసారం సాగలేదు. కుమారుడు అన్నవాహిక లోపంతో జన్మించగా వైద్యపు ఖర్చులు మీద పడ్డాయి. అప్పుడాయన తనకు తెలిసిన మరో విద్యను ఆశ్రయించారు. లూసియానా రాష్ట్రం నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని చమురు ప్లాట్‌ఫారాలకు సిబ్బందిని చేరవేసే హెలికాప్టర్లకు పైలట్ అయ్యారు. ఒక వారం సముద్రం మీద, మరొక వారం నాష్‌విల్‌లో పాటలు పట్టుకొని గడప గడపకూ తిరగడం. మా 14 రోజుల వంతు వంటిదే, ఆయనది ఏడు రోజుల వంతు.

'హెల్ప్ మి మేక్ ఇట్ త్రూ ది నైట్' అనే పాటను ఒక ప్లాట్‌ఫారం మీద గిటారు పట్టుకొని కూర్చుని రాశానని ఆయనే చెప్పారు. మా గోవా మిత్రుడు వినిపించిన పాట అదే. 'మి అండ్ బాబీ మెగీ' అనే పాట కూడా ఈ ఉద్యోగ కాలంలోనే, లూసియానా రహదారి మీద వానలో కారు నడుపుతున్నప్పుడు రూపు దిద్దుకొంది. ఆ పాటకు పేరు సూచించినవారు మాన్యుమెంట్ రికార్డ్స్ అధిపతి ఫ్రెడ్ ఫాస్టర్. తమ భవనంలో పనిచేసే ఒక కార్యదర్శిని పేరును ఆయన చెప్పగా, క్రిస్టాఫర్సన్ 'మెకీ' అన్నది 'మెగీ'గా విన్నారు. ఆ పొరపాటే శాశ్వతమైపోయింది.

ఆయన గురించి తరచుగా వినవచ్చే కథ ఒకటి ఉన్నది. టెనెసీ నేషనల్ గార్డుకు చెందిన హెలికాప్టర్‌ను ఆయన ఒకనాడు జానీ క్యాష్ ఇంటి ఆవరణలో దించారు. ఇది నిజమే. అయితే ఒక చేతిలో బీరు, మరొక చేతిలో టేపు పట్టుకొని దిగాడని క్యాష్ ఆ కథకు మెరుగులు దిద్దారు. క్రిస్టాఫర్సన్ దానిని నవ్వుతూ ఖండించేవారు. ఆ సమయానికి క్యాష్ ఇంట్లోనే లేరని, పైగా హెలికాప్టర్ నడపడానికి రెండు చేతులూ కావాలని అనేవారు.

ఇంజనీరుగా నేను రెండవ వాదనను పూర్తిగా సమర్థిస్తాను. పైలట్ ఎడమ చేతిలో 'కలెక్టివ్' అనే తులాదండం ఉంటుంది. దానిని ఎత్తితే పైనున్న రెక్కలన్నిటి వాలు ఒకేసారి పెరిగి యంత్రం పైకి లేస్తుంది. కుడి చేతిలోని 'సైక్లిక్' అనే కర్ర రెక్కలు తిరిగే తలాన్ని ఏ దిక్కుకు వంచితే యంత్రం ఆ దిక్కుకు సాగుతుంది. పైరెక్కలు ఒక వైపు తిరుగుతుంటే, ప్రతిచర్య వలన కింది దేహం ఎదురు దిశలో గిరగిర తిరగబోతుంది. దానిని తోక దగ్గరి చిన్న రెక్కతో నిలువరించే పని పాదాల కింది పెడల్స్‌ది. ఒకటి కదిపితే మిగిలిన రెండూ సర్దాలి. రెండు చేతులకూ, రెండు కాళ్లకూ క్షణం తీరిక ఉండదు. ఇక బీరు సీసాకు చోటెక్కడిది?

ఐతే ఆయన తప్పులు లేని మనిషి కారు. మద్యం అలవాటు మూలంగానే ఆ పైలట్ ఉద్యోగం నిలవలేదని స్వయంగా ఒప్పుకున్నారు. మొదటి వివాహం భగ్నమైంది. కల వెంట నడిచిన మనిషి చెల్లించిన మూల్యంలో కొంత భాగాన్ని భార్యాబిడ్డలు కూడా భరించవలసి వచ్చిందన్న సంగతిని కప్పిపుచ్చితే ఈ కథకు న్యాయం జరగదు.

ఫలించిన కాలం

1969లో రోజర్ మిల్లర్ 'మి అండ్ బాబీ మెగీ' పాడి రికార్డు చేశారు. అదే సంవత్సరం న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో జానీ క్యాష్ ఆయనను వేదిక మీదికి తీసుకువెళ్లారు. 1970లో రే ప్రైస్ పాడిన 'ఫర్ ది గుడ్ టైమ్స్', జానీ క్యాష్ పాడిన 'సండే మార్నింగ్ కమింగ్ డౌన్' కంట్రీ పాటల పట్టికలో అగ్రస్థానం చేరాయి. రెండవది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఆ సంవత్సరపు ఉత్తమ గీతంగా ఎంపికయింది. ఆ పాటను టెలివిజన్‌లో పాడే ముందు, మాదకద్రవ్యాల ప్రస్తావన గల ఒక మాటను మార్చవలసిందిగా ప్రసార సంస్థ అధికారులు కోరారు. క్యాష్ రచయిత రాసిన మాటనే పాడారు. రాసినవాని మాటకు పాడేవాడు కట్టుబడిన అరుదైన ఘట్టమది.

1970 అక్టోబరు 4న యువగాయని జానిస్ జాప్లిన్ అకాల మరణం పొందారు. అంతకు కొద్ది రోజుల ముందు ఆమె 'మి అండ్ బాబీ మెగీ' పాడిన సంగతి క్రిస్టాఫర్సన్‌కు ఆమె మరణించిన తరువాత గాని తెలియలేదు. 1971లో ఆ పాట అమెరికా అంతటా ప్రథమ స్థానంలో నిలిచింది. అదే సంవత్సరం శామీ స్మిత్ గొంతులో ప్లాట్‌ఫారం మీద పుట్టిన పాట కంట్రీ పట్టికకు శిఖరమై, రచయితకు గ్రామీ పురస్కారం తెచ్చిపెట్టింది.

ఆయన పాటల ప్రత్యేకత ఏమిటి? ఒంటరితనం, పేదరికం, పశ్చాత్తాపం, దేహసాన్నిహిత్యం వంటి విషయాలను అలంకారాల చాటున దాచకుండా, మాట్లాడుకొనే భాషలో, సూటిగా చెప్పడం. ఒక్క మాట తీసివేసినా కప్పు కుంగిపోతుందన్నట్టుగా ఉంటుంది ఆ కట్టుబడి. అలంకారానికి పెట్టిన స్తంభం ఒక్కటీ కనిపించదు. ఉన్నవన్నీ బరువు మోసేవే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన కవిత్వం వృథా కాలేదు. పాండిత్యాన్ని ప్రదర్శించకుండా ఉండగల సంయమనంగా అది పాటలో ఇంకిపోయింది.

వెండితెర మీద

1971 నుంచి ఆయన చిత్రాలలో కనిపించసాగారు. 1973లో శామ్ పెకిన్‌పా దర్శకత్వంలో వచ్చిన 'పాట్ గారెట్ అండ్ బిల్లీ ది కిడ్'లో బిల్లీ పాత్ర ఆయనది. ఆ చిత్రంలో సహనటులలో ఒకరు బాబ్ డిలన్. పలకరించడానికి జంకిన నాటికీ, పక్కన నిలిచి నటించిన నాటికీ నడుమ ఏడు సంవత్సరాల దూరం మాత్రమే. 1974లో మార్టిన్ స్కోర్సేజీ చిత్రం 'ఆలిస్ డజన్ట్ లివ్ హియర్ ఎనీమోర్'. 1976లో బార్బ్రా స్ట్రైసాండ్ సరసన 'ఎ స్టార్ ఈజ్ బోర్న్'. మద్యానికి బానిసై పతనమయ్యే గాయకుని పాత్ర అందులో ఆయనది. ఆ నటనకు గోల్డెన్ గ్లోబ్ పురస్కారం లభించింది. తెర మీద తన పాత్ర గతిని చూసుకొని నిజ జీవితంలో ఆయన తాగుడు మానివేశారు.

ఎదురుదెబ్బలూ తప్పలేదు. 1980లో వచ్చిన 'హెవెన్స్ గేట్' చిత్రానికి సుమారు 4 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చు కాగా, అందులో పదోవంతు కూడా తిరిగి రాలేదు. నిర్మాణ సంస్థ యునైటెడ్ ఆర్టిస్ట్స్ మరుసటి సంవత్సరమే చేతులు మారింది. కథానాయకుడైన క్రిస్టాఫర్సన్‌కు అవకాశాలు సన్నగిల్లాయి. అయినా ఆగలేదు. 1985లో జానీ క్యాష్, విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్‌లతో కలిసి 'హైవేమెన్' బృందంగా పాడారు. 1996లో 'లోన్ స్టార్'లో క్రూరుడైన షెరీఫ్‌గా, 1998లో 'బ్లేడ్'లో వృద్ధ యోధునిగా కొత్త తరానికి పరిచయమయ్యారు. 2004లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

ఆయన వ్యక్తిత్వాన్ని పాటలకన్న స్పష్టంగా చూపే సంఘటన ఒకటి 1992 అక్టోబరు 16న జరిగింది. డిలన్ గాన జీవితానికి 30 ఏళ్లు నిండిన సందర్భంగా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సభ. దానికి రెండు వారాల ముందు ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ టెలివిజన్‌లో పోప్ చిత్రపటాన్ని చించి నిరసన తెలిపి ఉన్నారు. ఆమె వేదికనెక్కగానే వేలాది ప్రేక్షకులు గోల చేశారు. ఆమెను దించివేయవలసిందిగా నిర్వాహకులు క్రిస్టాఫర్సన్‌కు సూచించారు. ఆయన వెళ్లారు; దించలేదు. చెవిలో ధైర్యం చెప్పి, ఆమె పాడి దిగిన పిమ్మట అక్కున చేర్చుకున్నారు. అందరూ వెలివేసిన వేళ ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

మా ఇంటి సంగతి

మొదట ప్రస్తావించిన రెండవ జ్ఞాపకాన్ని కూడా చెప్పి ముగిస్తాను. మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, క్యాంపస్‌లోనే ఉద్యోగం సంపాదించి, 14 నెలలకే మానివేసి చెన్నైలోని ఒక రికార్డింగు స్టూడియోలో సహాయకునిగా చేరాడు. ఏం పని చేస్తున్నావురా అని అడిగితే, ప్రస్తుతానికి కేబుళ్లు చుట్టి సర్దిపెడుతున్నానన్నాడు.

"కేబుళ్లు చుట్టడానికా నిన్ను నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివించింది?" అన్నాను. తరువాత మరికొన్ని మాటలు కూడా అన్నాను. అవి ఇక్కడ రాయదగినవి కావు. వాడు తిరిగి ఏమీ అనలేదు. ఆ పిమ్మట ఎనిమిది మాసాలు వాడు ఫోను చేస్తే మా శ్రీమతితోనే మాట్లాడేవాడు. నేను అడగలేదు, వాడు పలకరించలేదు.

క్రిస్టాఫర్సన్ మరణవార్త చదివిన రాత్రి నాకు ఆయన సాధించిన పురస్కారాలు తలపునకు రాలేదు. తల్లి రాసిన ఆ ఉత్తరం తలపునకు వచ్చింది. నేను కాగితం మీద పెట్టలేదన్న మాటే గాని, నేను అన్నదీ అదే ఉత్తరం.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చాక నేనే ఫోను చేశాను. భోజనం అయిందా అని అడిగాను. అయిందన్నాడు. ఇక ఏమి మాట్లాడాలో తోచక, "ఆ కేబుళ్లు ఎలా చుడతావురా?" అన్నాను.

కాసేపు మౌనం. తరువాత చెప్పాడు. "ఒకే వైపు చుట్టుకుంటూ పోతే మెలి పడుతుంది నాన్నా. లోపలి తీగలు తెగుతాయి. అందుకని ఒక చుట్టు మామూలుగా, దాని పక్క చుట్టు తిరగేసి వేయాలి. ఒకదాని మెలిక ఇంకొకటి విప్పేస్తుంది. విసిరితే తిన్నగా పరుచుకుంటుంది. మొదటి నెలంతా ఇదే నేర్పారు."

ముప్పై ఏళ్లుగా కేబుళ్లతో పనిచేసినవాణ్ణి నేను. వాడు చెప్పినది అక్షరాలా సరైన పద్ధతి. మా స్టోర్స్‌లో ఎందరికి ఎన్నిసార్లు చెప్పినా ఆచరించని పద్ధతి.

వాడు గొప్ప సంగీతకారుడు అవుతాడో, కాడో నాకు తెలియదు. నాష్‌విల్‌లో చీపురు పట్టిన వారందరూ క్రిస్టాఫర్సన్‌లు కాలేదు. ఉన్న ఉద్యోగాలు విడిచిపెట్టమని మన పిల్లలకు ఉద్బోధించడం నా ఉద్దేశం ఎంతమాత్రమూ కాదు. ఆయన సైతం సంసారం కోసం ఇష్టం లేని షిఫ్టులు చేస్తూనే పాటలు రాశారు. నేను తెలుసుకున్నది ఇంతే: ఏ పనినైనా శ్రద్ధగా నేర్చుకుంటున్న బిడ్డ చెడిపోలేదు. వాడి పని మనకు అర్థమయ్యేవరకు ఇంటి తలుపు మూయకుండా ఉంచడం పెద్దల విధి.

ఈ సంక్రాంతికి వాడు ఇంటికి వస్తున్నాడు. కేబుల్ చుట్టే పద్ధతిని మా స్టోర్స్ కుర్రవాళ్లకు ఒకసారి చూపించమని అడిగాను. సరేనన్నాడు.